కాడి కట్టిన అక్షాలు, విడిగా నడిచే అక్షాలు: సీఎన్‌సీ లేత్ ప్రోగ్రాం తప్పే చోట్లు

నెల్లూరు ఆటోనగర్‌లోనో ఒంగోలులోనో సీఎన్‌సీ లేత్ (ముక్కను తిప్పుతూ కంప్యూటర్ ప్రోగ్రాం ప్రకారం కోసే యంత్రం) పెట్టుకున్న షాపుకు పనులు ఒకే తీరుగా రావు. ఇవాళ రొయ్యల గుంటల ఏరియేటర్ షాఫ్టు, రేపు చీమకుర్తి వైపు నుంచి గ్రానైట్ పాలిష్ మిషన్ స్పిండిల్, ఎల్లుండి చేపల బోటు ప్రొపెల్లర్ షాఫ్టు. చాలావరకు ఒకటీ రెండూ ముక్కలే. వెయ్యి ముక్కల ఆర్డరైతే ప్రోగ్రాంలో తప్పు మొదటి ముక్కలోనే బయటపడుతుంది, దిద్దుకుంటే మిగతా 999 సజావుగా వస్తాయి. ఒంటి ముక్క పనిలో ఆ అవకాశం లేదు. మొదటి ముక్కే చివరి ముక్క, అదీ ఖరీదైన స్టెయిన్‌లెస్ రాడ్.

ఇలాంటి పనుల్లో ముక్క పాడవడానికీ టూల్ గుద్దుకోవడానికీ కొలత తప్పుల కన్నా ఎక్కువగా కనిపించే కారణం ఒకటుంది. ఆ లైనులో ఏ అక్షం దేనికి కట్టుబడి కదులుతోందో, ఏది తన దారిన తాను పోతోందో రాసినవాడు మరిచిపోవడం. ఒంగోలు గిత్తల గడ్డ మీద ఈ మాట చెప్పడం తేలికే. కాడి కట్టిన జత ఒక్క అడుగుతో నడుస్తుంది, కాడి విప్పితే ఎవరి దారి వారిది. లేత్‌లో కాడి కట్టేదీ విప్పేదీ జి-కోడ్, అంటే ప్రోగ్రాం లైనులో రాసే ఆజ్ఞ. చిక్కేమిటంటే కాడి కట్టి ఉందో లేదో కళ్లకు కనపడదు. పైగా ఒకసారి ఇచ్చిన కోడ్ రద్దు చేసేదాకా చాటుగా పనిచేస్తూనే ఉంటుంది.

కాడి కూడా ఒక రకం కాదు. జి01 (తిన్నని కోత), జి02, జి03 (వంపు కోతలు) ఇచ్చినప్పుడు ఎక్స్ (వ్యాసం వైపు కదలిక), జెడ్ (పొడవు వెంట కదలిక) రెండూ ఒక కాడి కిందికి వస్తాయి. జి99 ఇస్తే ఫీడు, అంటే కోస్తూ టూల్ నడిచే వేగం, స్పిండిల్ (ముక్కను పట్టి తిప్పే ఇరుసు) చుట్టుకు కట్టుబడుతుంది. జి96 ఇస్తే స్పిండిల్ వేగం ఎక్స్ ఎక్కడుందో దానికి కట్టుబడుతుంది. మర కోసేటప్పుడు జెడ్ కట్టుబడేది స్పిండిల్ వేగానికి కాదు, కోణానికే. ఈ నాలుగూ ఒకే ప్రోగ్రాంలో ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి.

ఉదాహరణకు ఒక బోటు షాఫ్టు తీసుకుందాం. 40 మి.మీ. రాడ్. చివర ముఖం జెడ్0. అక్కడి నుంచి జెడ్-30 దాకా ఎం24×3 మర (24 వ్యాసం, 3 పిచ్), జెడ్-35 దాకా రిలీఫ్ గాడి (మర టూల్ బయటపడేందుకు వదిలే చోటు). జెడ్-35 నుంచి జెడ్-135 దాకా 1:10 టేపర్, అంటే 30 వ్యాసంతో మొదలై 40కి చేరుతుంది. టేపర్ మీద 10 మి.మీ. వెడల్పు కీ గాడి. పొడవాటి షాఫ్టు కాబట్టి రెండో చివరను పట్టే మొన, అంటే టెయిల్‌స్టాక్ సెంటర్, ఆనించి తీరాలి. ఇందులో పైన చెప్పిన కాడులన్నీ ఉన్నాయి.

జి00 గీసేది తిన్నని గీత కాదు

ఫానక్ కంపెనీ కంట్రోళ్లలో (యంత్రాన్ని నడిపే కంప్యూటర్లలో) సాధారణంగా జి00, అంటే కోయకుండా చోటు మారే ర్యాపిడ్ కదలిక, కింద ఎక్స్, జెడ్ విడివిడిగా, ఎవరి పూర్తి వేగంతో వారు పరుగెత్తుతారు. ముందు చేరినవాడు ఆగుతాడు, రెండోవాడు మిగిలిన దూరం ఒంటరిగా పోతాడు. దారి మధ్యలో మెలి తిరుగుతుంది.

లెక్క వేస్తే ఎంత ప్రమాదమో తెలుస్తుంది. ఎక్స్ ర్యాపిడ్ నిమిషానికి 20 మీటర్లు, జెడ్ 24 మీటర్లు అనుకుందాం. టూల్ ఎక్స్150 జెడ్100 దగ్గరుంది. ప్రోగ్రాంలో జి00 ఎక్స్42.0 జెడ్2.0 అని ఒకే లైను. ఎక్స్ వ్యాసంలో రాస్తాం కనుక అది నిజంగా నడిచేది 54 మి.మీ., దానికి 0.162 సెకను. జెడ్ నడిచేది 98 మి.మీ., 0.245 సెకను. ఎక్స్ చేరిపోయేసరికి జెడ్ ఇంకా 35 దగ్గరే ఉంటుంది. సెంటర్ 40 మి.మీ. బయటికి వచ్చి, దాని వెనక 60 వ్యాసం క్విల్ (సెంటర్‌ని మోసే గొట్టం) ఉందనుకోండి. టూల్ కొన ఎక్స్60కి దిగేసరికి జెడ్ 46 దగ్గరుంటుంది, అంటే క్విల్ ఒంటి మీద. తిన్నని గీతలో పోయి ఉంటే క్విల్ ముఖం దాటేటప్పుడు కొన ఎక్స్84 ఎత్తులో, తాకకుండా, ఉండేది. కాగితం మీద గీత గీసి "తగలదులే" అనుకున్నవాడి లెక్క తప్పలేదు, ఆ గీత యంత్రం నడిచే గీత కాదు, అంతే.

కాబట్టి టెయిల్‌స్టాక్ ఉన్న చోట రెండు లైన్లుగానే రాయాలి. ఎక్స్ ఎత్తులో ఉండగా ముందు జెడ్2.0, తరువాత ఎక్స్42.0. బయటికి వచ్చేటప్పుడు ముందు ఎక్స్, తరువాత జెడ్. బోరింగ్‌లో (రంధ్రం లోపల కోతలో) ఇది తిరగబడుతుంది: లోపలి నుంచి జెడ్ పూర్తిగా బయటికొచ్చాకే ఎక్స్ కదలాలి. గాడి కోసిన టూల్‌ని జి00 ఎక్స్100.0 జెడ్100.0 అని ఒకే లైనులో వెనక్కి పిలిస్తే గాడి గోడ ఇన్సర్ట్‌ని (టూల్ కొనలో కోసే బిళ్లని) విరిచేస్తుంది. ఎక్స్ పైకి లేచేలోగా జెడ్ పక్కకు జరిగిపోతుంది మరి.

ఫానక్‌లో 1401 పారామీటర్‌లోని ఒక బిట్ మారిస్తే జి00 కూడా తిన్నగా నడుస్తుంది. సీమెన్స్ కంట్రోళ్లలో చాలావరకు జి0 మొదటి నుంచీ తిన్నని గీతే, విడి నడక కావాలంటే ఆర్‌టీఎల్‌ఐఓఎఫ్ అని చెప్పాలి. రెండు యంత్రాలున్న షాపులో ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకోలా ఉంటే మాత్రం అది ఏదో ఒక రోజు దెబ్బ తగలాల్సిన షాపు. పారామీటర్ మీద ఆధారపడకుండా రెండు లైన్లు రాయడం అలవాటు చేసుకుంటే ప్రోగ్రాం ఏ యంత్రంలో పెట్టినా ఒకేలా నడుస్తుంది. పోయేది సెకనులో పదో వంతు.

ఇద్దరూ కలిసి నడిస్తేనే బయటపడే తప్పులు

టేపర్ కోత జి01 ఎక్స్40.0 జెడ్-135.0 ఎఫ్0.2. ఇక్కడ ఎఫ్ ఎక్స్‌దీ కాదు, జెడ్‌దీ కాదు. టూల్ నడిచే వాలు గీత వెంట వేగం. కంట్రోల్ దాన్ని రెండు ముక్కలుగా విడగొట్టి పంచుతుంది. ఇందాకా బాగానే ఉంది. తప్పు వచ్చేది టూల్ ముక్కు గుండ్రదనం దగ్గర.

ఇన్సర్ట్ కొన పదునైన చుక్క కాదు, 0.8 మి.మీ. వ్యాసార్ధం ఉన్న గుండు. సెట్టింగ్‌లో మనం పట్టుకునేది ఎక్స్ వైపు అంచు, జెడ్ వైపు అంచు కలిసే ఊహా బిందువు. జెడ్ ఒక్కటే కదిలినప్పుడు గుండులో ఎక్స్ వైపు అంచే కోస్తుంది, వ్యాసం సరిగ్గా వస్తుంది. ఎక్స్ ఒక్కటే కదిలినా అంతే, ముఖం సరిగ్గా వస్తుంది. రెండూ కలిసి కదిలినప్పుడు కోసే చోటు ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. ఊహా బిందువు గీత మీదే నడుస్తుంది, లోహాన్ని తాకే చోటు మాత్రం గీతకు దూరంగా ఉంటుంది.

1:10 టేపర్‌కి సగం కోణం 2.86 డిగ్రీలు. 0.8 ముక్కుతో, జి42 కాంపెన్సేషన్ (ముక్కు గుండ్రదనాన్ని లెక్కలోకి తీసుకునే ఆజ్ఞ) లేకుండా కోస్తే వ్యాసార్ధంలో 0.039, వ్యాసంలో దాదాపు 0.078 మి.మీ. లావుగా వస్తుంది. కోణం మాత్రం అచ్చంగా సరిపోతుంది! అందుకే నీలిరంగు పూసి హబ్ (టేపర్ మీద కూర్చునే ప్రొపెల్లర్ నడిమి భాగం) తొడిగి చూస్తే మొత్తం పొడవునా రంగు చక్కగా అంటుకుంటుంది, పని బాగుందనిపిస్తుంది. కానీ 1:10 టేపర్‌లో వ్యాసం 0.078 తేడా అంటే పొడవులో దానికి పదింతలు, 0.78 మి.మీ. హబ్ అంత ముందే ఆగిపోతుంది. నట్ బిగించే చోటా, కీ కూర్చునే చోటా ఆ తేడా పైకి వస్తుంది.

దీనికి చాలామంది చేసే మందు ఎక్స్ ఆఫ్‌సెట్‌ని (కంట్రోల్‌లో నింపే టూల్ కొలత సవరణని) 0.08 తగ్గించడం. టేపర్ కుదురుతుంది. అదే టూల్‌తో కోసిన 40 వ్యాసపు తిన్నని భాగం మాత్రం 39.92 అవుతుంది, బేరింగ్ వదులైపోతుంది. ఒంటి అక్షం కదలికలో లేని తప్పుని ఒంటి అక్షం ఆఫ్‌సెట్‌తో దిద్దలేం. జి42 పెట్టాలి. ఆఫ్‌సెట్ పేజీలో ముక్కు వ్యాసార్ధం 0.8, కొన దిక్కు 3 అని నింపాలి. ఆ గడులు ఖాళీగా ఉంటే జి42 రాసినా ఏమీ జరగదు, అలారం కూడా రాదు. ముక్కు వ్యాసార్ధం కన్నా ఎక్కువ దూరంలో జి42 మొదలుపెట్టి జాబ్‌ని తాకాలి. కోత మధ్యలో పెడితే ఒక మెట్టు పడుతుంది.

గుండ్రని తల, అంటే బంతి ఆకారం, కోస్తే ఇంకో జబ్బు బయటపడుతుంది. బంతి నడుము దగ్గర జెడ్ అదే దిక్కులో పోతూ ఉండగా ఎక్స్ ఎక్కడం ఆపి దిగడం మొదలుపెడుతుంది. ఎక్స్ బాల్‌స్క్రూలో 0.02 మి.మీ. లూజు ఉన్నా అక్కడ గోటికి తగిలే చార పడుతుంది. తిన్నని కోతల్లో టూల్ ఎప్పుడూ ఒకే వైపు నుంచి వస్తుంది కాబట్టి అదే లూజు ఏళ్ల తరబడి కనిపించదు. ఫానక్‌లో బ్యాక్‌లాష్ 1851 పారామీటర్‌లో ఉంటుంది. డయల్ పెట్టి కొలిచాకే మార్చాలి, ఊహతో కాదు. ఎక్స్, జెడ్ సర్వోల (అక్షాలను నడిపే మోటార్ల) లూప్ గెయిన్, అంటే ఆజ్ఞకు స్పందించే చురుకు (1825), రెండింటికీ సమానంగా లేకపోతే గుండ్రటిది కోడిగుడ్డులా వస్తుంది. కాడి కింద ఒక ఎద్దు ఎప్పుడూ అరడుగు వెనకబడి నడవడం లాంటిది.

ఎండాకాలం మాట ఒకటి కలపాలి. స్టీలు మీటరుకు డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. ఎక్స్ స్క్రూలో 300 మి.మీ. పొడవు 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.035 మి.మీ., వ్యాసంలో 0.07. పొద్దున పట్టిన ఆఫ్‌సెట్‌తో మధ్యాహ్నం టేపర్ కోస్తే హబ్ కూర్చునే చోటు మళ్లీ 0.7 మి.మీ. జరుగుతుంది. నెల్లూరు మే నెలలో ఇది మరీ ఊహాజనితమైన లెక్కేమీ కాదు.

మర: జెడ్ నడిచేది గడియారాన్ని చూసి కాదు, స్పిండిల్‌ని చూసి

మర ఒక్క కోతతో పూర్తవదు. పది పన్నెండు సార్లు టూల్ అదే గాడిలోకి దిగాలి. అలా దిగాలంటే స్పిండిల్ ప్రతిసారీ అదే కోణంలో ఉన్నప్పుడు జెడ్ బయల్దేరాలి. స్పిండిల్ వెనక ఉండే ఎన్‌కోడర్ చుట్టుకొక గుర్తు పంపుతుంది, కంట్రోల్ ఆ గుర్తు కోసం కాచుకుని జెడ్‌ని వదులుతుంది. ఆ తరువాత స్పిండిల్ ఒక చుట్టు తిరిగితే జెడ్ 3 మి.మీ. నడుస్తుంది.

మన షాఫ్టుకు రెండు లైన్ల జి76 (మర కోతలన్నీ వరసగా నడిపే ఆజ్ఞ) ఇలా ఉంటుంది. మొదట్లోని జి97 స్పిండిల్‌ని ఒకే ఆర్‌పీఎంలో ఉంచుతుంది.

జి97 ఎస్500 ఎం03
జి00 జెడ్9.0
ఎక్స్28.0
జి76 పి021060 క్యూ100 ఆర్0.03
జి76 ఎక్స్20.32 జెడ్-32.0 పి1840 క్యూ450 ఎఫ్3.0

మొదటి పిలో మూడు సంగతులు ఇరికించి ఉన్నాయి: చివర 2 ఫినిష్ కోతలు, ఒక లీడ్ (ఒక చుట్టుకు జెడ్ నడిచే దూరం) దూరంలో టూల్ ఏటవాలుగా బయటికి రావడం, 60 డిగ్రీల కోణం. మర లోతు పిచ్‌కి 0.613 రెట్లు, కనుక 1.84. పి, క్యూ విలువలు మైక్రాన్లలో, చుక్క లేకుండా రాయాలి. మొదటి కోత 0.45 మి.మీ. తరువాతి లోతులు కోత సంఖ్య వర్గమూలం ప్రకారం పెరుగుతాయి. నాలుగో కోతకు మొత్తం 0.9, అంటే మొదటిదానికి సరిగ్గా రెట్టింపు. లోతుకు పోయేకొద్దీ ఇన్సర్ట్ రెండు చెంపలూ లోహంలో కూరుకుంటాయి కాబట్టి కోత సన్నబడాలి. కనీస కోత 0.1 అని ఇచ్చాం గనుక ఆరో కోత నుంచి ప్రతిదీ 0.1 అవుతుంది. మొత్తం పదమూడు దాకా రఫ్ కోతలు పడతాయి. స్టెయిన్‌లెస్‌లో కనీస కోతను 0.02కి దించితే టూల్ కోయకుండా రుద్దుతుంది, ఆ రుద్దుడుకి ఉపరితలం గట్టిపడి తరువాతి కోతలో ఇన్సర్ట్ ముక్కు రాలుతుంది.

జెడ్9.0 నుంచి మొదలుపెట్టడం ఊరికే కాదు. నిలబడ్డ జెడ్ ఒక్కసారిగా స్పిండిల్ జోరు అందుకోలేదు, సర్వో ఎప్పుడూ ఆజ్ఞ వెనక కొంత దూరంలో ఉంటుంది. ఫానక్ పుస్తకాల్లోని లెక్క ఇది: లీడ్‌ని ఆర్‌పీఎంతో గుణించి 1800తో భాగిస్తే మర చివర వదలాల్సిన దూరం వస్తుంది. లీడ్ తప్పు ఒక శాతం లోపు ఉండాలంటే మొదట వదలాల్సింది దానికి 3.6 రెట్లు. 500 ఆర్‌పీఎంకి చివర 0.83, మొదట 3.0 మి.మీ. అదే 1500కి పెంచితే మొదట 9.0 కావాలి. తొమ్మిది ఇచ్చామంటే స్పిండిల్ వేగం పెంచుకునే చోటు కూడా ఉంచామన్నమాట. అయితే అక్కడే టెయిల్‌స్టాక్ సెంటర్ ఉంది. మర టూల్ హోల్డర్ సెంటర్ ఒంటికి తగులుతుందేమో యంత్రం దగ్గర నిలబడి చూసుకోవాలి. తగిలేలా ఉంటే జెడ్5.0కి దగ్గరకు తెచ్చి 500 ఆర్‌పీఎం దాటకపోవడమే దారి.

ఈ వెనకబాటు వల్లే ఇంకో కఠినమైన నియమం. మర మొదలుపెట్టిన ఆర్‌పీఎంతోనే ముగించాలి. పైన లెక్కలో 1800 వెనక ఉన్న సర్వో కాలం 0.033 సెకను. 500 దగ్గర జెడ్ సెకనుకు 25 మి.మీ. నడుస్తూ 0.83 వెనకుంటుంది. చప్పుడు వస్తోందని రఫ్ కోతల తరువాత ఫినిష్‌కి 300 చేస్తే వెనకబాటు 0.5 అవుతుంది. గాడి 0.33 మి.మీ. పక్కకు జరిగి, ఒక చెంప మొత్తం చెక్కుకుపోతుంది. ఎన్‌కోడర్ తప్పు చేయలేదు, కోణం తప్పలేదు, మారింది వేగం ఒక్కటే. మర కోసేటప్పుడు ఫీడ్ ఓవర్‌రైడ్, స్పిండిల్ ఓవర్‌రైడ్ గుబ్బలు పనిచేయకుండా కంట్రోల్ కట్టేసేది ఇందుకే. ఫీడ్ హోల్డ్ నొక్కినా టూల్ మర దాటి బయటికొచ్చాకే ఆగుతుంది. కొత్త ఆపరేటర్ బటన్ పాడైందనుకుని ఎమర్జెన్సీ కొడతాడు, మర అక్కడితో పోతుంది.

జి96 ఉండగా మర కోయకూడదనేది కూడా ఇదే లెక్క. కోతకోతకూ ఎక్స్ తగ్గుతుంది, జి96 దాని వెంట ఆర్‌పీఎంని పెంచుతుంది. రెండు కాడులు ఒకదాన్నొకటి లాగుతాయి. జి76 ముందు జి97 తప్పదు.

రెండు మొనల మర అయితే ఎఫ్‌లో రాయాల్సింది పిచ్ కాదు, లీడ్. పిచ్ 3 అయితే ఎఫ్6.0. రెండో మొనకు మొదలు స్థానం జెడ్‌లో 3 మి.మీ. జరపాలి, లేదా జి32లో (ఒక్క మర కోత ఆజ్ఞలో) క్యూ180000 అని కోణం ఇవ్వాలి. మొదటిది ఏ కంట్రోల్‌లోనైనా నడుస్తుంది.

కరెంటు పోతే? స్పిండిల్ తన జోరులో కొంత తిరుగుతుంది, జెడ్ ముందే ఆగిపోతుంది. ఇన్సర్ట్ విరగడం దాదాపు ఖాయం. అయినా ముక్కని పారేయనక్కర్లేదు. చక్ విప్పనంతవరకు స్పిండిల్ గుర్తుకూ జాబ్‌కూ ఉన్న సంబంధం చెడదు. టూల్‌ని జాగ్రత్తగా ఎక్స్ వైపు బయటికి తీసి, కొత్త అంచు కొలిచి పెట్టి, అదే మొదలు జెడ్, అదే ఆర్‌పీఎంతో మళ్లీ నడిపితే టూల్ పాత గాడిలోకే దిగుతుంది. కొత్త అంచు జెడ్ కొలత 0.05 అటూ ఇటూ ఉన్నా చెంప మీద తెలుస్తుంది, కాబట్టి మొదటి కోత గాల్లో, గాడి పైన నడిపి చూసుకోవాలి. చక్ విప్పి జాబ్ తీశారా, ఆ సంబంధం పోయినట్టే.

చాటుగా ఉండిపోయే కోడ్‌లు

జి96 ఎస్120 అంటే ఉపరితల వేగం నిమిషానికి 120 మీటర్లు, 40 వ్యాసం దగ్గర 955, 30 దగ్గర 1273 ఆర్‌పీఎం. ముఖం కోస్తూ 5 వ్యాసానికి వస్తే 7,600 దాటాలి. జి50 ఎస్2000 అని ముందే కళ్లెం వేయకపోతే పొడవాటి రాడ్ వెనక చివర స్పిండిల్ గొట్టంలో కొరడాలా కొట్టుకుంటుంది. ఈ ఒక్క లైను మరిచిపోవడం మిగతా తప్పుల్లా ముక్కతో పోదు, మనిషి మీదికి వస్తుంది.

జి99 ఉండగా స్పిండిల్ ఆగి ఉంటే జి01 కదలదు. అలారం రాదు, తెర మీద లైను వెలుగుతూ ఉంటుంది, యంత్రం ఊరికే నిలబడుతుంది. స్పిండిల్ తిరిగితేనే ఫీడు, ఇక్కడ చుట్టే లేదు. దీనికి ఎదురు తప్పు ప్రమాదకరం. జి98 (నిమిషానికి ఇంత అనే ఫీడు) అనుకుని ఎఫ్100 రాస్తే, జి99 ఇంకా బతికే ఉంటే, చుట్టుకు 100 మి.మీ. అడిగినట్టు. 500 ఆర్‌పీఎంకి నిమిషానికి 50 మీటర్లు. కంట్రోల్ తన గరిష్ఠ ఫీడుకి కుదించినా గుద్దుడు గుద్దుడే. టూల్ మార్చిన ప్రతిచోటా జి97 జి99 లేదా జి96 జి99 లేదా జి98 అని మళ్లీ రాయడం కాగితం దండగ కాదు.

కీ గాడి, స్పిండిల్ అక్షంగా మారినప్పుడు

కీ గాడికి లైవ్ టూల్ (తానే తిరిగే కటర్), 10 మి.మీ. ఎండ్‌మిల్. స్పిండిల్ ఇప్పుడు తిరిగేది కాదు, సి అక్షం. దాన్ని ఒక కోణంలో పెట్టి బ్రేకు బిగించాలి. ఆ ఎం-కోడ్‌లు ఒక్కో తయారీదారుకి ఒక్కోలా ఉంటాయి, యంత్రం పుస్తకమే దిక్కు. బ్రేకు వేయకపోతే మోటారు ఒక్కటే పట్టుకుంటుంది, కటర్ లాగుడుకి జాబ్ అటూ ఇటూ ఊగి గాడి వెడల్పు పెరుగుతుంది.

గాడి అడుగు టేపర్‌కి సమాంతరంగా ఉండాలి కనుక ఎక్స్, జెడ్ మళ్లీ కాడి కిందికి. జెడ్-45 దగ్గర టేపర్ వ్యాసం 31. షాఫ్టులో లోతు 5 మి.మీ. అంటే ఎక్స్‌లో 10 తగ్గాలి, ఎక్స్21.0. అక్కడి నుంచి జెడ్-105.0కి పోయేసరికి ఎక్స్27.0. లైను జి98 జి01 ఎక్స్27.0 జెడ్-105.0 ఎఫ్80. ఒకే దెబ్బకు 5 లోతు స్టెయిన్‌లెస్‌లో అత్యాశ. 1 మి.మీ. చొప్పున ఐదు సార్లు.

సి అక్షం జెడ్‌తో కలిసి తిరగాల్సి వస్తే, ఉదాహరణకు నూనె గాడి మెలికగా కోయాలంటే, ఫీడు లెక్క మోసం చేస్తుంది. జి01 జెడ్-20 సి90 ఎఫ్100 రాస్తే కంట్రోల్ డిగ్రీలనూ మిల్లీమీటర్లనూ ఒకే గాటన కట్టి 20, 90 భుజాలకు కర్ణం లెక్కగట్టి 92.2 పొడవు అనుకుంటుంది, 0.92 నిమిషం తీసుకుంటుంది. 40 వ్యాసం మీద 90 డిగ్రీలంటే నిజానికి 31.4 మి.మీ., అసలు గాడి పొడవు 37.2. అంటే అసలు ఫీడు 100 కాదు, 40. చిన్న వ్యాసం మీద ఇంకా తగ్గుతుంది, పెద్ద వ్యాసం మీద పెరుగుతుంది. జి07.1లో (గుండ్రటి ఉపరితలాన్ని పరిచిన బల్లలా చూసే ఆజ్ఞలో) వ్యాసార్ధం 20 ఇస్తే సి ఉపరితలం మీద మిల్లీమీటర్లలోకి మారి ఎఫ్ నిజమైన ఫీడు అవుతుంది.

షాఫ్టు ముఖం మీద స్పానర్ పట్టుకి ఎదురెదురు పక్కల మధ్య 24 మి.మీ. ఉండే షట్కోణం కోయాలంటే జి12.1. ఎక్స్, సి కలిసి ముఖాన్ని ఒక చదునైన బల్లగా మారుస్తాయి. ఇక్కడ అందరూ పడే గుంట: ఎక్స్ వ్యాసంలో, సి వ్యాసార్ధంలో, మిల్లీమీటర్లలో. మొదటి మూల ఎక్స్27.713 సి0, రెండోది ఎక్స్13.856 సి12.0. సి దగ్గర 24 రాస్తే షట్కోణం ఒక వైపు సాగిపోతుంది. మధ్యబిందువుకు దగ్గరగా పోతే సి వేగం కొండెక్కుతుంది: ఎఫ్100తో 1 మి.మీ. వ్యాసార్ధం దగ్గర 16 ఆర్‌పీఎం చాలు, 0.1 దగ్గర 160 కావాలి. కేంద్రం మీదుగా పోయే దారులు జి12.1లో గీయకపోవడం మంచిది. పెద్ద సంఖ్యలో షట్కోణాలు కావాలంటే పాలిగన్ టర్నింగ్ ఉంది. మూడు ఇన్సర్ట్‌ల కటర్‌ని స్పిండిల్‌కి రెండింతల వేగంతో కట్టి తిప్పుతారు. సెకన్లలో అయిపోతుంది, పక్కలు మాత్రం అతి స్వల్పంగా ఉబ్బి వస్తాయి. స్పానర్‌కి ఆ ఉబ్బు అడ్డు కాదు.

రెండు టరెట్లు, రెండు స్పిండిళ్లు

రెండు టరెట్ల (టూళ్లు బిగించే తిరుగుడు దిమ్మెల) యంత్రంలో రెండు ప్రోగ్రాంలు రెండు దారుల్లో పక్కపక్కనే నడుస్తాయి. కలుసుకోవాల్సిన చోట రెండింట్లోనూ ఒకే వెయిటింగ్ ఎం-కోడ్ రాస్తారు, ముందొచ్చినది ఆగి రెండోదాని కోసం చూస్తుంది. ఒక దాంట్లో రాసి మరో దాంట్లో మరిస్తే యంత్రం నిలబడిపోతుంది, అది మేలు. రెండింట్లోనూ మరిస్తేనే గుద్దుకుంటాయి.

టరెట్లు విడివే గానీ స్పిండిల్ ఒక్కటే. పై టరెట్ 60 వ్యాసాన్ని 200 మీటర్ల వేగంతో తిప్పాలంటే 1061 ఆర్‌పీఎం కావాలి. కింది టరెట్‌లోని 20 మి.మీ. డ్రిల్లుకి 800 చాలు. పై దాంట్లో జి96 పెడితే డ్రిల్లు కింద ఆర్‌పీఎం పాములా ఊగుతుంది. ఇద్దరూ పనిచేస్తున్నంతసేపు జి97 పెట్టి, తక్కువ అడిగేవాడి వేగానికి ఒప్పుకోవడమే సబబు.

సబ్ స్పిండిల్‌కి (ఎదురుగా ఉండే రెండో స్పిండిల్‌కి) ముక్క అప్పజెప్పేటప్పుడు గుండ్రటి రాడ్ అయితే వేగాలు కలిస్తే చాలు. షట్కోణం రాడ్ అయితే కోణం కూడా కలవాలి, లేకపోతే దవడలు మూల మీద పడతాయి. రెండు చక్‌లూ పట్టుకుని ఉండగా సింక్రొనైజేషన్ తీసేస్తే పార్టింగ్‌లో సన్నబడిన మెడ మెలిపడి తెగుతుంది.

సీమెన్స్‌లో ఈ కట్టుబాట్లు ప్రోగ్రాం మాటల్లోనే కనిపిస్తాయి. పోస్ అంటే ఆ అక్షం తన వేగంతో విడిగా పోతుంది గానీ లైను ముగియాలంటే అది కూడా చేరాలి. పోస్ఏ అంటే లైను దానికోసం ఆగదు, తరువాత ఎక్కడో వెయిట్‌పీ అని పిలిచి లెక్క చూసుకోవాలి. ఆ వెయిట్‌పీ మరిచిపోతే స్టెడీ రెస్ట్ (పొడవాటి షాఫ్టుకు మధ్యలో ఇచ్చే ఆసరా) ఇంకా దారిలో ఉండగానే టూల్ వచ్చేస్తుంది. లైనక్స్‌సీఎన్‌సీ అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే లేత్‌కి ఫానక్ ప్రోగ్రాం ఎక్కిస్తే ఇంకో తికమక. ఫానక్‌లో యు, డబ్ల్యు అంటే ఎక్స్, జెడ్‌ల ఇంక్రిమెంటల్ దూరాలు. లైనక్స్‌సీఎన్‌సీలో అవి వేరే అక్షాల పేర్లు.

పాత యంత్రం కొనేటప్పుడు

చెన్నై వైపు నుంచి పాత యంత్రాలు తెచ్చుకునే షాపులకు ఒక మాట. విడి కదలికలు బాగున్నంత మాత్రాన కాడి బాగున్నట్టు కాదు. డయల్ పెట్టి ఎక్స్, జెడ్ విడివిడిగా చూపిస్తారు, సైజులు అచ్చుగుద్దినట్టు వస్తాయి. ఎన్‌కోడర్‌ని తిప్పే టైమింగ్ బెల్టు పళ్లు అరిగి ఉంటే తిన్నని కోతలో అది పెద్దగా తెలియదు, ఫీడు కాస్త తడబడినా కంటికి ఆనదు. మర దగ్గర తెలుస్తుంది.

పరీక్ష తేలిక. ఒక వృథా రాడ్‌ని 30 వ్యాసానికి నునుపుగా తిప్పి, జి97 ఎస్500తో జి32 ఎఫ్3.0 పెట్టి 0.05 మి.మీ. లోతున ఒక గీత గీయాలి. ఎక్స్ మార్చకుండా, ప్రతిసారీ అదే జెడ్ నుంచి, ఆ గీత మీదే పదిసార్లు నడపాలి. మధ్యలో రెండు సార్లు స్పిండిల్‌ని ఎం05తో ఆపి మళ్లీ అదే వేగానికి తేవాలి. తరువాత భూతద్దం పెట్టి చూడాలి. గీత ఒక్కటే ఉంటే మంచిది. గీత మొత్తం పక్కన ఇంకొక గీత పడితే బెల్టు పన్ను దూకుతోంది, లేదా పుల్లీ స్క్రూ వదులైంది.